గుంటూరు జిల్లాలో వైద్యం అందుబాటుపై సర్వే: 400 మంది సరిపోతారా, ఎవర్ని అడగాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్నారు. థీసిస్‌కి "జిల్లాలో జనానికి వైద్యం ఎంతవరకు అందుతోంది" అన్న అంశం తీసుకున్నారు. పెద్దాసుపత్రి ఓపీకి వచ్చే 400 మందిని అడగాలా, ఊళ్ళకు వెళ్ళి 400 ఇళ్ళు తిరగాలా అన్నది మీ మొదటి సందేహం. ఇంగ్లీషులో దొరికిన 60 ప్రశ్నల ఫారాన్ని తెలుగు చేసుకుంటే సరిపోతుందా అన్నది రెండోది. ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఆరోగ్య సర్వేల మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను, సర్వేకి వెళ్ళే పిల్లలకు ట్రైనింగ్ ఇస్తుంటాను. సమాధానం కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మొదటి సందేహం. ఓపీలో కూర్చుని అడగొద్దు. అక్కడ పని సులువే, వారంలో 400 ఫారాలు నిండుతాయి, గైడ్ కూడా సరే అనొచ్చు. కానీ మీ అంశం వైద్యం అందుతోందా లేదా అన్నది. ఓపీ లైన్లో నిలబడ్డ మనిషికి ఎంత కష్టపడైనా అంతవరకు అందింది. అందనివాళ్ళు ఆ లైన్లో ఉండరు. ఆటో ఛార్జీకి వెనకాడి ఆగిపోయిన ముసలమ్మ, కూలి పోతుందని వాయిదా వేసుకున్న మనిషి, మోకాళ్ళ నొప్పి వయసుతో వచ్చేదేలే అని సరిపెట్టుకున్న తాత, వీళ్ళెవరూ మీకు కనపడరు. ఓపీ సర్వేతో వచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారు, మందులు దొరికాయా, మర్యాదగా మాట్లాడారా అని తెలుసుకోవచ్చు. అది మంచి అంశమే, కానీ వేరే అంశం. మీరు ఎంచుకున్నదానికి మాత్రం ఆసుపత్రి గడప తొక్కనివాళ్ళే ముఖ్యం. శాంపిల్, ప్రశ్నలు, వెళ్ళే వేళ అన్నీ వాళ్ళని దొరకబుచ్చుకునేలా ఉండాలి. కింద రాసేదంతా దాని గురించే.

ఇక 400. ఈ అంకె ఎక్కడిదో నాకు తెలుసు. వైద్యం అందేవాళ్ళు 50 శాతం అనుకుని, ఫలితంలో 5 శాతం అటూ ఇటూ తేడా ఒప్పుకుంటే ఫార్ములా 384 ఇస్తుంది, దాన్ని 400 చేశారు. రాష్ట్రంలో సగం థీసిస్‌లు ఈ అంకె మీదే నడుస్తాయి. ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది, ఆ ఫార్ములా జిల్లా మొత్తంలోంచి ఒక్కొక్కర్నీ విడివిడిగా లాటరీ తీసినప్పటి సంగతి. మీరు అలా చేయలేరు. 20 ఊళ్ళు ఎంచుకుని ఊరికి 20 ఇళ్ళు తిరుగుతారు. ఒకే ఊరివాళ్ళకి ఉన్నది ఒకే పీహెచ్‌సీ, ఒకే రోడ్డు, ఒకే ఆర్‌ఎంపీ. వాళ్ళ సమాధానాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఆ పోలికని సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు, అది తక్కువగా, 0.05 దగ్గరే ఉందనుకున్నా మీ 400 ఇళ్ళ బలం సుమారు 205 ఇళ్ళకు పడిపోతుంది. 5 శాతం అనుకున్న తేడా 7 దగ్గరికి పోతుంది. అవే 400 ఇళ్ళని 40 చోట్ల పదేసి చొప్పున తిరిగితే బలం 275కి పెరుగుతుంది. తిరుగుడు ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ, కానీ ఫలితం మెరుగు. ఊళ్ళు ఎక్కువ, ఊరికి ఇళ్ళు తక్కువ అన్నది గుర్తు పెట్టుకోండి.

రెండో చిక్కు ఇంకా పెద్దది, దీన్ని ఎవరూ ముందుగా చూసుకోరు. 400 ఇళ్ళంటే ఇంటికి ముగ్గురు నలుగురు చొప్పున సుమారు 1,400 మంది. జాతీయ నమూనా సర్వే 75వ విడత 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జరిగింది. అందులో దేశం మొత్తం మీద గత 15 రోజుల్లో జబ్బు పడ్డామన్నవాళ్ళు 7.5 శాతం. ఏడాదిలో ఆసుపత్రిలో చేరినవాళ్ళు, కాన్పులు కాకుండా, సుమారు 3 శాతం. అదే లెక్క మీకు వేసుకుంటే జబ్బు పడ్డవాళ్ళు 105 మంది, ఆసుపత్రిలో చేరినవాళ్ళు 42 మంది దొరుకుతారు. ఆ 42 మందిని ప్రభుత్వ ఆసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రి అని విడదీసి, అందులో ఆరోగ్యశ్రీ వాడినవాళ్ళు, వాడనివాళ్ళు అని మళ్ళీ విడదీస్తే ఒక్కో గడిలో పదిమంది మిగులుతారు. పదిమందిని చూసి జిల్లా గురించి మాట్లాడలేం. 400 ఇళ్ళు తిరిగి, చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఈ సంగతి తెలిసి ఏడ్చిన పిల్లల్ని చూశాను. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

దీనికి మంచి దారే ఉంది. జాతీయ నమూనా సర్వే వాళ్ళు ఎంచుకున్న చోట నేరుగా పెద్ద ఫారం పట్టుకుని వెళ్ళరు. ముందు అక్కడి ఇళ్ళన్నీ లిస్టింగ్ చేస్తారు. గడప దగ్గరే నాలుగు చిన్న ప్రశ్నలు అడిగి, ఏడాదిలో ఆసుపత్రిలో చేరినవాళ్ళున్న ఇళ్ళు, ఏడాదిలోపు బిడ్డ ఉన్న ఇళ్ళు, మిగతా ఇళ్ళు అని వేరు చేస్తారు. తర్వాత ఒక్కో గుంపు నుంచి కావలసినన్ని తీసుకుంటారు. మీరు 30 చోట్ల అరవయ్యేసి ఇళ్ళు లిస్టింగ్ చేస్తే 1,800 ఇళ్ళవుతాయి, ఆసుపత్రిలో చేరినవాళ్ళు 190 దాకా దొరుకుతారు. గడప దగ్గర మూడు నాలుగు నిమిషాల పనే కాబట్టి నలుగురు కలిసి చేస్తే రెండు వారాల్లో అయిపోతుంది. పెద్ద ఫారం ఆ 190 ఇళ్ళలోనూ, మిగతావాటిలో ఊరికి ఓ ఆరింటిలోనూ నింపండి. ఒక్క జాగ్రత్త: ప్రతి చోటా ఎన్ని ఇళ్ళు లిస్టింగ్ చేశారు, ఏ గుంపులో ఎన్ని ఉన్నాయి, ఎన్ని తీసుకున్నారు అన్నది కాగితం మీద తప్పకుండా ఉండాలి. అది లేకపోతే వెయిట్లు, అంటే ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ళకు బదులు నిలబడుతుందన్న లెక్క, కట్టలేరు. వెయిట్లు లేకుండా సగటు తీస్తే జిల్లాలో సగంమంది ఆసుపత్రుల్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంత పని ఒక్కదాన్నే చేయలేనంటే అంశాన్ని తగ్గించుకోండి. నన్నడిగితే థీసిస్‌కి ఇదే మేలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకు వైద్యం నెలనెలా అందుతోందా అన్నది తీసుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు నాలుగో వంతుమందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. 400 ఇళ్ళలో అలాంటివాళ్ళు 250 దాకా దొరుకుతారు. బీపీ మిషన్ వెంట తీసుకెళ్ళి మీరే చూడండి. బీపీ ఉన్నవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు, తెలిసినవాళ్ళలో ఎంతమంది మందులు మొదలుపెట్టారు, మొదలుపెట్టినవాళ్ళలో గత నెల ఒక్కరోజూ మానకుండా వేసుకున్నవాళ్ళెందరు, వాళ్ళలో బీపీ అదుపులో ఉన్నవాళ్ళెందరు. ఇలా మెట్టు మెట్టుకీ ఎంతమంది రాలిపోతున్నారో చూపిస్తే జిల్లా వైద్యాధికారికి ఎక్కడ పట్టుకోవాలో వెంటనే అర్థమవుతుంది. పీహెచ్‌సీలో, ఊరి క్లినిక్‌లో బిళ్ళలు ఉచితంగా ఇస్తున్నా మెడికల్ షాపులో ఎందుకు కొంటున్నారని అడిగితే చాలా విషయాలు బయటికొస్తాయి. వారం బిళ్ళలే ఇస్తే కూలి మానుకుని నెలకి నాలుగుసార్లు పోవాలి. బిళ్ళ రంగు మారితే ఇది పనిచేయదేమోనని భయం. వీటిలో ఒక్కటీ మీ ఇంగ్లీషు ఫారంలో ఉండదు.

ఇప్పుడు ప్రశ్నల సంగతి. నాకు బాగా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువే రాస్తాను.

తాడికొండ వైపు ఒక ఇంటి అరుగు మీద జరిగిన మాటలివి. మా సర్వేయర్ అమ్మాయి ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగింది: "గత 15 రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా అనారోగ్యం కలిగిందా అండి?"

"అబ్బే, అందరం బాగానే ఉన్నామమ్మా."

ఫారం ప్రకారం అక్కడితో అయిపోయింది, తర్వాతి పేజీకి పోవాలి. పక్కనున్న మా సూపర్‌వైజర్ అడిగింది: "రోజూ వేసుకునే బిళ్ళలేమైనా ఉన్నాయా పిన్నిగారూ?"

"అవా! మా అత్తకి బీపీ, షుగరు. నాకు థైరాయిడ్ బిళ్ళ."

"మరి మీ మామగారు?"

"ఆయనకేం లేదు. మోకాళ్ళు నొప్పులు, పొలం పోవడం మానేశారు. ఎనభై దగ్గరపడ్డాయి, మామూలేగా."

"ఎక్కడన్నా చూపించారా?"

"నొప్పి మరీ ఎక్కువైతే ఇక్కడే సూది వేయించుకుంటారు."

మొదటి ప్రశ్నకి జబ్బుపడ్డవాళ్ళు సున్నా. నాలుగు మాటలు మాట్లాడేసరికి ముగ్గురు రోగులు, అందులో ఒకరికి అసలు వైద్యమే అందలేదు. ఇందులో ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. ఆవిడ దృష్టిలో జబ్బంటే జ్వరం వచ్చి పడుకోవడం. మిగతావి రోజువారీ బతుకులో భాగం. ఇది మన జిల్లాకే పరిమితం కాదు. కేరళలో ఆయుర్దాయం ఎక్కువ, అయినా సర్వేల్లో జబ్బు ఉందని చెప్పేవాళ్ళూ అక్కడే ఎక్కువ. బీహార్‌లో పరిస్థితి అధ్వాన్నం, కానీ చెప్పేవాళ్ళు తక్కువ. అమర్త్యసేన్ 2002లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో దీని గురించే రాశారు. వైద్యం అందుబాటులో ఉండి, చదువు ఉన్నచోట మనిషి తన జబ్బుని జబ్బుగా గుర్తిస్తాడు. లేనిచోట సర్దుకుపోతాడు. కాబట్టి "జబ్బు లేదు" అన్నవాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు ఆరోగ్యంగా ఉందని రాసేయకండి. ఆ ఊరికి వైద్యం అస్సలు అందకపోవడం కూడా కారణం కావచ్చు.

అందుకే ఒక్క ప్రశ్నతో సరిపెట్టొద్దు. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి అడగండి. రోజూ వేసుకునే మందులు, నడవడం, చూపు, వినికిడి, రాత్రి నిద్ర, పళ్ళు, ఆడవాళ్ళ సమస్యలు విడివిడిగా అడగండి. ఉన్న మందుల కవరు తెచ్చి చూపించమనండి. మన ఊళ్ళలో ప్రతి ఇంట్లో మేకుకో, బీరువా పక్కనో ఒక ప్లాస్టిక్ కవరు వేలాడుతుంటుంది. చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, సగం వాడిన షీట్లు అన్నీ అందులోనే. ఆ కవరు ముందు పెట్టుకుని మాట్లాడితే మర్చిపోయిన ఆసుపత్రులు, తేదీలు, ఖర్చులు వాటంతటవే గుర్తొస్తాయి.

"డాక్టరుకి చూపించారా" అని అడగొద్దు. "ముందు ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఆ తర్వాత ఎవరి దగ్గరికి" అని వరసగా అడగండి, చెప్పింది చెప్పినట్టు పేరుతో రాసుకోండి, కోడింగ్, అంటే సమాధానాలకు అంకెలు వేయడం, ఇంటికొచ్చాక చేసుకోవచ్చు. ఆర్‌ఎంపీకి చూపించినవాళ్ళు కొంతమంది "డాక్టరుకి చూపించాం" అంటారు, కొంతమంది "ఎవరికీ చూపించలేదు" అంటారు. మెడికల్ షాపులో చెప్పి బిళ్ళలు తెచ్చుకోవడాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మన పల్లెల్లో జ్వరానికి, ఒళ్ళునొప్పులకి మొదటి గడప చాలావరకు ఆర్‌ఎంపీదే. రాత్రి పదింటికి పిలిచినా వస్తాడు, డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకుంటాడు. ఆ రెండూ మన ప్రభుత్వ వ్యవస్థ ఇవ్వలేకపోతోంది. అతన్ని ఫారంలో లేకుండా చేస్తే జనం నిజంగా నడిచే దారి మీ సర్వేలో కనపడదు.

"మీకు ఆసుపత్రి అందుబాటులో ఉందా" అన్న ప్రశ్న మీ ఫారంలో ఉండి ఉంటుంది, తీసేయండి. పెంచాన్స్కీ, థామస్ అనే ఇద్దరు పరిశోధకులు 1981లో ఈ అందుబాటుని ఐదు ముక్కలు చేశారు. మన మాటల్లో చెప్పుకుంటే: అసలు అక్కడ డాక్టరు, మందులు ఉన్నాయా, అక్కడిదాకా వెళ్ళగలమా, వాళ్ళ వేళకీ మన వేళకీ కుదురుతుందా, డబ్బు తట్టుకోగలమా, అక్కడి మనుషులతో మనసు కుదురుతుందా. ఐదూ వేరువేరు. మంగళగిరి ఎయిమ్స్‌లో ఓపీ 2019లో మొదలైంది, చీటీ ఖర్చు నామమాత్రం. తాడేపల్లి మనిషికి డబ్బు, దూరం రెండూ అడ్డు కావు, కానీ ఒక పూట పని పోవడం అడ్డు. పల్నాడు లోపలి ఊరి మనిషికి దూరమే అడ్డు. ఈ ఇద్దరూ ఒకే పెట్టెలో టిక్కు పెడితే మీకేమీ తెలియదు.

దూరం కూడా కిలోమీటర్లలో అడగొద్దు. మీరు తర్వాత విజయవాడని కలుపుకుంటానన్నారు కదా, అక్కడ చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల కొండల మీద ఇళ్ళున్నాయి. పెద్దాసుపత్రి మూడు నాలుగు కిలోమీటర్లే. కానీ 108 కొండ కింద ఆగుతుంది. పక్షవాతం వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు మెట్లు దింపాలి. "ఇంటి నుంచి బండి ఎక్కేదాకా ఎంతసేపు, ఎంతమంది సాయం కావాలి" అని అడిగితేనే ఆ కష్టం లెక్కలోకి వస్తుంది.

ఆడవాళ్ళని వీలైనంత వరకు ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి, అదీ మహిళా సర్వేయరే అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక మంచి ప్రశ్నల వరస ఉంది. మీకు ఒంట్లో బాగాలేనప్పుడు వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకోవడం, డబ్బు, దూరం, బండి దొరకడం, తోడు రావడం, అక్కడ లేడీ డాక్టరు లేకపోవడం, మందులు ఉండవేమోనన్న అనుమానం, ఇవి ఒక్కొక్కటీ పెద్ద సమస్యా, చిన్న సమస్యా, అసలు సమస్యే కాదా అని అడుగుతారు. దాన్ని యథాతథంగా వాడుకోండి, అప్పుడు మీ ఫలితాన్ని రాష్ట్రంతో పోల్చుకోవచ్చు. భర్త పక్కన కూర్చుంటే "మాకేం సమస్య లేదండి" అని ఆయనే చెబుతాడు.

ఖర్చు దగ్గర జాగ్రత్త. "ఎంతయింది" అంటే "పాతిక వేలదాకా అయింది" అని ఉజ్జాయింపుగా చెబుతారు. డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు, బెడ్డు, ఆటో, తోడున్నవాళ్ళ భోజనం, పోయిన కూలి అన్నీ విడివిడిగా అడగండి. ఆరోగ్యశ్రీలో చేరామన్నవాళ్ళని చేరకముందు చేయించుకున్న పరీక్షల ఖర్చు, డిశ్చార్జి అయ్యాక మందుల ఖర్చు ప్రత్యేకంగా అడగండి, చేతినుంచి పోయేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. పథకం 2007లో మొదలైనప్పటి నుంచి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఫారంలో అన్ని పేర్లూ రాయండి, నోటితో అడిగేటప్పుడు ఆరోగ్యశ్రీ అనండి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్నది కూడా వదలొద్దు. దాచుకున్నదా, డ్వాక్రా లోనా, బంగారం తాకట్టా, నూటికి మూడు రూపాయల వడ్డీనా. ఆసుపత్రి బిల్లు ఒకసారి కడతారు, ఆ వడ్డీ ఏళ్ళ తరబడి కడతారు.

ఇక్కడ ఒక మోసపూరితమైన సున్నా ఉంది. ఇంటి ఖర్చులో 10 శాతమో, 25 శాతమో దాటి వైద్యానికి పోతే దాన్ని తట్టుకోలేని ఖర్చుగా లెక్కేయడం చాలాకాలంగా అంతర్జాతీయంగా వాడుతున్న పద్ధతి. మీరూ అదే వాడతారు. కానీ డబ్బు లేక ఆపరేషన్ మానుకున్న మనిషి ఖర్చు సున్నా. లెక్కలో ఆ ఇల్లు సుఖంగా ఉన్నట్టు వస్తుంది. అలా బీదవాళ్ళు ఎక్కువగా మానుకున్న మండలంలో "వైద్య ఖర్చుల భారం తక్కువ" అని రిపోర్టు వస్తుంది, దాన్ని చూసిన అధికారి అక్కడ అంతా బాగుందనుకుంటాడు. ఇలాంటి పట్టికలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఖర్చు పట్టిక పక్కనే "చేయించుకోవలసి ఉండి మానుకున్నవి" అన్న పట్టిక తప్పకుండా ఉండాలి. "డాక్టరు చెప్పినా చేయించుకోని పరీక్షగానీ ఆపరేషన్‌గానీ ఏమన్నా ఉందా, మధ్యలో మానేసిన మందు ఉందా, ఎందుకు" అని అడగండి. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

చనిపోయినవాళ్ళ గురించి కూడా అడగాలి. ఏడాదిలో ఆ ఇంట్లో పోయినవాళ్ళు చివరి రోజుల్లో ఎక్కడ చూపించుకున్నారన్నది జాతీయ నమూనా సర్వే అడుగుతుంది. వైద్యం అందకపోవడం అంటే అసలు అర్థం అక్కడ తెలుస్తుంది, పైగా చివరి నెలల ఖర్చే అన్నిటికన్నా ఎక్కువ. ఈ ప్రశ్న ఎప్పుడూ చివర్లో, నెమ్మదిగా, అవసరమైతే పెన్ను పక్కనపెట్టి అడగమని మా పిల్లలకి చెబుతాను.

ఎప్పుడు వెళ్ళాలన్నది చాలా ముఖ్యం. మిరప కోతలు జనవరి నుంచి జోరుగా ఉంటాయి. అప్పుడు తెల్లారకుండానే కూలీల ఆటోలు కదిలిపోతాయి. పదింటికి మీరు ఊళ్ళోకి వెళితే ఇళ్ళ దగ్గర ఉండేది ముసలివాళ్ళు, చిన్నపిల్లలు, ఉద్యోగస్తులు. తాళం వేసి ఉంటే పక్కింటికి పోవడం మన సర్వేయర్లకు అలవాటు. ఆ తాళం కూలివాళ్ళది, పక్కింట్లో ఉన్నది రిటైర్డ్ మాస్టారు. అలా ఇల్లు మార్చిన ప్రతిసారీ వైద్యం అందనివాళ్ళు ఒకరు తగ్గి, అందినవాళ్ళు ఒకరు పెరుగుతారు. ఇల్లు మార్చడానికి వీల్లేదని గట్టిగా చెప్పండి. మూడుసార్లు వెళ్ళాలి, అందులో ఒకసారి సాయంత్రం ఏడు తర్వాత, ఒకసారి ఆదివారం. అప్పటికీ దొరక్కపోతే దొరకలేదని రాసుకోవాలి.

ఆ కోతలకే కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన పొలాలకు వస్తాయి. చేల గట్ల మీద పట్టాలు కప్పుకుని రెండు మూడు నెలలు ఉంటారు. వాళ్ళు ఏ ఇళ్ళ జాబితాలోనూ ఉండరు, ఆశా వర్కర్ రిజిస్టరులోనూ చాలావరకు ఉండరు. గర్భిణులు ఉంటారు, టీకాలు తప్పిపోయిన పిల్లలు ఉంటారు. జిల్లాలో వైద్యం అందనివాళ్ళ గురించి రాస్తూ వీళ్ళని వదిలేయడం న్యాయం కాదు. ప్రధాన శాంపిల్‌లో కలపకుండా విడిగా కొన్ని గుడారాలు తీసుకోండి, విడి అధ్యాయంగా రాయండి. ఇంకో చివర, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, పెద్ద డాబాలో ఒంటరిగా ఉండే తల్లిదండ్రులు. డబ్బుంది, కానీ ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి లేడు. తెనాలి చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. ఆస్తిని బట్టి వాళ్ళని "ఏ ఇబ్బందీ లేనివాళ్ళ" కింద వేసేయకండి.

శాంపిల్ జాబితా గురించి రెండు మాటలు. మన చేతిలో ఉన్న జనాభా లెక్కలు 2011వి. తర్వాత గోరంట్ల వైపు, అమరావతి చుట్టూ ఎన్ని కాలనీలొచ్చాయో మీకే తెలుసు. కాబట్టి ఎంచుకున్న చోట ఇళ్ళ లిస్టింగ్ మీరే కొత్తగా చేసుకోవాలి. ఇంకోటి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో "గుంటూరు" అంటే నరసరావుపేట, మాచర్ల, బాపట్ల కలిసిన పాత జిల్లా. ఇప్పటి గుంటూరులో ఉన్నవి గుంటూరు, తెనాలి డివిజన్లే. పాత అంకెని తెచ్చి మీ ఫలితం పక్కన పెట్టి "మెరుగుపడింది" అని రాస్తే, మెరుగుపడ్డది వైద్యం కాకపోవచ్చు, పల్నాడు లెక్కలోంచి పోవడం కావచ్చు. చాలా కాగితాల్లో ఇది చూస్తున్నాను.

ఆశా వర్కర్ సాయం తీసుకోండి, ఇళ్ళు చూపించడానికి ఆమెని మించినవాళ్ళు లేరు. కానీ ఇంటర్వ్యూ మొదలయ్యాక ఆమె అక్కడ ఉండకూడదు. "ఆశా వర్కర్ నెలనెలా వస్తోందా" అని ఆవిడ ముందే అడిగితే కాదని ఎవరంటారు? ఆమె మీద గౌరవంతోనే చెప్పండి, అర్థం చేసుకుంటుంది.

జనం భయాన్ని తక్కువగా చూడకండి. చేతిలో ఫోనో, ఫారమో పట్టుకుని వచ్చినవాళ్ళంతా వాళ్ళకి ప్రభుత్వమే. నిజం చెబితే పింఛను పోతుందేమో, కార్డు తీసేస్తారేమో అని ఆదాయం తగ్గించి చెబుతారు, ఏసీ ఉన్న గది తలుపు దగ్గరికేస్తారు. మొదటి మాటలోనే కాలేజీ నుంచి వచ్చామని, ఏ పథకానికీ దీనికీ సంబంధం లేదని చెప్పండి. ఆధార్ నంబరు అడగొద్దు, కార్డు ఫోటో తీయొద్దు. ఆదాయం బదులు ఇంట్లో ఉన్న వస్తువులు, నెల ఖర్చు అడిగితే నిజానికి దగ్గరగా వస్తుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి సర్వేకి ముందే ఉండాలని మీకు తెలుసు. దానికి తోడు, బీపీ 200 ఉన్న మనిషి ఎదురైతే ఏం చేస్తారో ముందే రాసుకోండి. ఏ పీహెచ్‌సీకి పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మర్నాడు ఎవరు కనుక్కోవాలి. చూసి, రాసుకుని, వచ్చేయడం తప్పు.

ఫలితాల దగ్గర ఒక్క మాట. మీ డేటాలో ఆరోగ్యశ్రీ వాడినవాళ్ళ ఖర్చు వాడనివాళ్ళకంటే ఎక్కువ రావచ్చు. దాన్నిబట్టి పథకం ఖర్చు పెంచిందని రాయకండి. పెద్ద జబ్బు వచ్చినవాళ్ళే దాన్ని వాడతారు. మన రాష్ట్రంలో కార్డు దాదాపు అందరికీ ఉంది కాబట్టి ఉన్నవాళ్ళని, లేనివాళ్ళని పోల్చినా అర్థం ఉండదు. 2007లో పథకం ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లోనే మొదలై తర్వాత మిగతావాటికి వచ్చింది. ఆ ముందువెనకల తేడాని పట్టుకుని పథకం ప్రభావం తేల్చే ప్రయత్నం కొందరు పరిశోధకులు చేశారు. ఒక్కసారి చేసే ఇంటింటి సర్వేతో అది కాదు. మీ సర్వే చెప్పగలిగింది ఎక్కడ ఆగిపోతున్నారు, ఎవరు ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అన్నదే. అది చాలా విలువైన సమాచారం, ఎందుకంటే ఆసుపత్రి రిజిస్టర్లలో అది దొరకదు.

సర్వే మొదలుపెట్టకముందే చివరి పట్టికలు ఖాళీ గడులతో గీసుకోండి. ఒక్కో పట్టిక కింద దాన్ని చూసి ఎవరు ఏం మార్చగలరో రాయండి. పీహెచ్‌సీ వేళలా, బిళ్ళలు వారానికి బదులు నెలకి ఇవ్వడమా, కొండ మీదికి సంచార వైద్యమా. ఎవరూ ఏమీ మార్చలేని పట్టిక ఉంటే దానికి సంబంధించిన ప్రశ్నలు తీసేయండి. మీ 60 ప్రశ్నలు 35కి దిగుతాయి, ఇంటర్వ్యూ అరగంటలో అయిపోతుంది, జనం విసుక్కోరు.

ముందు శాంపిల్‌లో లేని ఏదైనా ఊళ్ళో ఓ పాతిక ఇళ్ళలో ఫారాన్ని పరీక్షించి చూడండి (పైలట్), ఆ ఊరికి సాయంత్రం ఏడు తర్వాతే వెళ్ళండి. ఏ ప్రశ్న దగ్గర మనుషులు ఆగి "అంటే ఏంటమ్మా" అని అడిగారో పక్కన గుర్తు పెట్టుకోండి. పేర్లు తీసేసి ఆ ఫారాలు ఇక్కడ పెడితే ఒక్కొక్క ప్రశ్నా చూసి చెబుతాను. గైడ్ ఓపీ సర్వేనే చేయమని పట్టుబడితే ఓపీ లైన్లో దొరకనివాళ్ళు ఎవరో ఆయనకి చెప్పండి.